మోకాళ్ల కొలతకు కట్టిన మెట్లు

మా ఆయన పోస్టుమాస్టరుగా ముప్పై ఏళ్లు పనిచేశారు. గిద్దలూరు, కంభం, నంద్యాల అని ఎన్ని ఊళ్లు తిరిగినా ఆయనకు లోకం కనిపించింది చాటంత కిటికీలోంచే. ఆ కిటికీలో ఒకసారికి ఒక్క మొహమే పడుతుంది. అందుకని పింఛను ఇచ్చి ఇంటికి పంపగానే ఆయన కోరుకున్నది ఒక్కటే: వెడల్పాటి వీధి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే మనుషులను తల నుంచి కాళ్ల దాకా చూడాలి.

దానికి మాకు మార్కాపురంలో మా మామగారు కట్టిన పాత మిద్దె ఒకటి ఉండేది. ఇల్లు గట్టిదే కానీ ముందు భాగం చూస్తే భయం వేసేది. వానాకాలంలో వీధి వాగులా పారుతుందని మామగారు ఇంటిని మనిషి రొమ్మెత్తున లేపి కట్టారు. ఎక్కడానికి కొండరాళ్లు మూడు పేర్చి వదిలేశారు. ఒక్కో రాయి మూరెడు ఎత్తు. గోడకు మెత్తిన మట్టి రాలిపోయి లోపలి రాళ్లు బయటికి కనిపించేవి. అరుగు ఒక మనిషి ఒరిగి ఒక పక్కే ఆనించి కూర్చోగలిగినంత వెడల్పే ఉండేది.

ఆ ఇంట్లో మా వదిన ఉండేది. మా ఆయనకు అక్క, ఆయనకంటే తొమ్మిదేళ్లు పెద్ద. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, పొలం చూసుకుంటూ, పాలేళ్లను అదిలిస్తూ, నలభై ఏళ్లుగా ఆ ఇంటిని ఏలుతోంది. మేం సామాన్ల బండితో దిగిన రోజునే ఆమె మాకు షరతు చెప్పింది.

"ఒరే, ఇంటి లోపల నేను పెట్టిన ఉట్టి గూడా కదపగూడదు. బయట గోడ, అరుగు, మెట్లు నీ ఇష్టం. పని గుమ్మం దాటి లోపలికొచ్చిందా, నీ మేస్త్రిని నేనే తరుముతా."

"నాకు బయటే కావాలక్కా," అన్నారు మా ఆయన సంతోషంగా. అప్పటికే ఆయన పాత పోస్టు ఫారాల వెనక పెన్సిలుతో మా ఇంటి ముందు భాగం పద్నాలుగు రకాలుగా గీసి ఉంచారు. ప్రతి బొమ్మలోనూ ఇల్లు, మెట్లు మారాయి కానీ అరుగు మీద పేపరు పట్టుకున్న మనిషి మాత్రం మారలేదు.

మేస్త్రి మా ఊరివాడే. మా ఆయన ఈడు సాయిబు. తెల్ల గడ్డం, నడుముకు కట్టిన తువ్వాలు, ఎప్పుడూ నోట్లో వక్క. ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి, మెట్ల ముందు నిలబడి, "ఈ మెట్లు మనుషులకు కట్టినవి కావయ్యా, మేకలకు కట్టినవి," అన్నాడు.

వదిన గుమ్మంలోంచి అందుకుంది. "మా నాయన డెబ్బై ఏళ్లప్పుడు గూడా ఆ మెట్లు దూకుతా ఎక్కినాడు. నేను యాభై ఏళ్లుగా ఎక్కుతాండా. మాకేం కాలేదు."

"మీ నాయన సంగతి వేరేలే అక్కా. ఇప్పుడు ఈ అయ్యగారు ఇంకో ఇరవై, ముప్పై ఏళ్లు ఎక్కి దిగాల గదా. ముసలితనం మెట్లకు కొలత ఉండాది. మోకాలు ఎంత లేస్తే మెట్టు అంత."

అలా మొదలైంది కొలత.

మా ఊళ్లో పలకరాయికి కొదవ లేదు. గనుల దగ్గర పలకలకు పనికిరాని ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. మేస్త్రి గంపెడు ముక్కలు తెప్పించాడు. ఒక్కో ముక్క వేలు మందం. వీధిలో చదునైన చోట ఒక ముక్క పెట్టి దానిమీద కాలు వేసి ఎక్కమన్నాడు. ఎక్కితే ఇంకో ముక్క పేరుస్తాడు. గోడ పట్టుకోకూడదు, పక్కమనిషి భుజం పట్టుకోకూడదు, ఊగి ఎక్కకూడదు. ఎక్కడ కష్టమనిపిస్తే అక్కడ చెప్పాలి.

మొదట నన్ను పిలిచాడు. నాకు అప్పటికి యాభై నిండాయి. మోకాళ్ల నొప్పులు నలభైలోనే వచ్చాయి. ఎనిమిదో ముక్క దగ్గర "చాలు మేస్త్రీ," అన్నాను.

"ఏందే, ఎనిమిదికేనా!" అని వదిన పకపకా నవ్వింది. అప్పటికి వీధిలో పదిమంది పోగయ్యారు. ఎదురింటి కోమటాయన దుకాణం వదిలి వచ్చి నిలబడ్డాడు.

తర్వాత మా ఆయన పంచె ఎగ్గట్టారు. ఎనిమిది, తొమ్మిది సులువుగా ఎక్కారు. పది దగ్గర ఆగి, ఏదో ఆలోచిస్తున్నట్టు మీసం సవరించుకుని ఎక్కారు. పన్నెండు దగ్గర వీధి చివర ఎవరో పిలిచినట్టు అటు చూసి ఎక్కారు. పద్నాలుగు ఎక్కి దిగి, "ఇంకా పెట్టొచ్చు కానీ, ఎందుకులే, పద్నాలుగు అనుకుందాం," అన్నారు. మొహం మాత్రం వంకాయ రంగుకు తిరిగింది.

అక్కడితో అయిపోవలసింది. కానీ వదిన దిగి వచ్చింది. ముందు గుమ్మంలోంచి కాదు, దొడ్డి వాకిలి నుంచి ఇల్లు చుట్టి వచ్చింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. కుచ్చిళ్లు ఎగదోపి, "నాకూ పేర్చు," అంది.

"నీకెందుకక్కా? మెట్లు నాకోసం గదా," అన్నారు మా ఆయన.

"నేను గాల్లో ఎగిరి ఇంట్లోకి వస్తానా?"

మేస్త్రి పేరుస్తూ పోయాడు. వదిన పెదవులు బిగించి ఎక్కుతూ పోయింది. పద్నాలుగు ఎక్కింది. తమ్ముడి వైపు ఒకసారి చూసి, "ఇంకోటి పెట్టు," అంది. పదిహేనూ ఎక్కింది. చుట్టూ ఉన్నవాళ్లు శభాష్ అన్నారు. దిగాక ఆమె గోడ పక్కకు వెళ్లి చాలాసేపు ఎండను చూస్తున్నట్టు నిలబడింది.

మేస్త్రి ముగ్గురి మొహాలు చూశాడు, వక్క నమిలాడు. "మంచిది. పద్నాలుగు ముక్కల ఎత్తు మెట్టు. అయిదు మెట్లు వస్తాయి," అన్నాడు.

"ఎనిమిది మాటేమిటి?" అన్నాను నేను.

"నువ్వు చిన్నదానివి, పట్టుకోని ఎక్కుతావులే," అంది వదిన.

పని మొదలైంది. మెట్లు వీధిలోకి పొడుచుకు రాకుండా అరుగు గోడ వెంట పక్కవాటుగా కట్టాలని మేస్త్రి అన్నాడు. ఒక్కో మెట్టు మాత్రం విపరీతమైన వెడల్పు పెట్టాడు. "ఇంత వెడల్పెందుకు?" అని మా ఆయన అడిగితే, "నిలబడి మాట్లాడుకోడానికయ్యా. పెద్దలు మెట్టు మెట్టుకూ మాట్లాడతారు గదా," అన్నాడు.

గోడ సంగతి వేరే కథ. సున్నం గానుగలో వేసి, ఎద్దుతో తిప్పించి, కరక్కాయలు నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి మెత్తించాడు. అలా చేస్తే గోడ రాయిలా గట్టిపడుతుందట. వదినకు మాత్రం బెల్లం గోడకు పోవడం మింగుడు పడలేదు.

"పండక్కి పిండివంటలకు లేని బెల్లం గోడ తింటాంది. తినమను. రేపు దానికి వడ్డన గూడా చేస్తా."

గోడకు మెత్తిన రెండో రోజుకు ఊళ్లో చీమలన్నీ మా ఇంటికి బారులు కట్టాయి. మూడో రోజు ఎదురింటి లేగదూడ పలుపు తెంపుకొని వచ్చి, దాని తల ఎత్తులో గోడంతా నాకేసింది. మేస్త్రి మళ్లీ మెత్తాడు. అది మళ్లీ వచ్చింది. చివరికి తడి ఆరేదాకా ఒక మనిషి కాపలా ఉండాలన్నాడు. ఎవరుంటారు? పింఛను తీసుకుంటున్న మా ఆయన ఉన్నారు. గొడుగు వేసుకుని, కర్ర పట్టుకుని, నాలుగు రోజులు వీధిలో నిలబడి దూడను అదిలించారు. దారిన పోయేవాళ్లు, "ఏంది పోస్టుమాస్టరయ్యా, ఉద్యోగం మారినావా?" అని అడిగి పోయేవారు.

ఆయన అసలు ఆశ అరుగు మీద ఉంది. అరుగు చివర గోడకు ఆనుకుని కూర్చోవడానికి ఏటవాలుగా సున్నంతో ఒక దిమ్మ కట్టించుకోవాలని. అది తన వీపుకు సరిగ్గా అమరాలి.

"అమరాలంటే ఒకటే దారి," అన్నాడు మేస్త్రి. "తడిగా ఉన్నప్పుడు ఒక్కసారి ఆని లేస్తే వీపు అచ్చు పడుతుంది. ఆ అచ్చు మీద నేను నునుపు చేస్తా."

తడి దిమ్మ మీద పాత గోనెపట్టా పరిచి మా ఆయన ఆనుకున్నారు. చల్లగా ఉంది. ఎదురుగా వీధి. మద్రాసు నుంచి రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన పేపరు చేతిలో ఉంది. మేస్త్రి తాపీ కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. వచ్చేసరికి మా ఆయన నిద్రపోతున్నారు. లేపడానికి మేస్త్రికి మనసు రాలేదు. భోజనానికి పిలుద్దామని నేను బయటికి వచ్చి చూసి, భుజం పట్టి లేపితే, ఆయనతో పాటు గోనెపట్టా, దానికి అంటుకుని దిమ్మలో సగమూ లేచాయి.

వదిన చేతిలో గరిటెతోనే వచ్చి చూసింది. ఆమె నవ్వి నవ్వి గడప మీద కూలబడింది. "ఒరే, ఇంటిని నీతో పాటు తీసుకుపోతాండావు రా!" అంది. ఆయన కోపం తెచ్చుకుందామనుకున్నారు కానీ, వీపు మీద సున్నంతో కోపం నిలబడలేదు.

ఉగాది ముందు పని ముగిసింది. తెల్లటి గోడ, కింద నడుమెత్తున ఎర్రటి జాజు పట్టె, వెడల్పాటి అరుగు, దాని చివర మళ్లీ కట్టిన దిమ్మ, అయిదు మెట్లు, పట్టుకోవడానికి పిట్టగోడ. ఊరంతా వచ్చి చూసింది. మా ఆయన మొదటి రోజు అందరి ముందూ చేతులు వదిలి మెట్లు ఎక్కి చూపించారు. వదిన కూడా ఎక్కి చూపించింది. నేను పిట్టగోడ పట్టుకుని, మెట్టుమెట్టుకూ నిలబడి ఎక్కాను. నన్ను ఎవరూ చూడలేదు.

తర్వాత వారం పది రోజులకు మా ఆయనకు హఠాత్తుగా దొడ్డిలోని వదిన ఆవు మీద ప్రేమ పుట్టింది. జీవితంలో ఆవు ముందు నిలబడని మనిషి, "దాన్ని చూసి వస్తా," అని పొద్దున దొడ్డిలోకి పోయేవారు. అటు నుంచి అటే దొడ్డి వాకిలి దాటి, సందులోంచి తిరిగి, ఇంటి ముందు వీధిలో తేలేవారు. అక్కడ నిలబడి అరుగును చూసి ఆనందించి, మళ్లీ సందు చుట్టి దొడ్డిలోంచి లోపలికి వచ్చేవారు. అరుగు మీద కూర్చోవాలంటే ఇంట్లోంచి గుమ్మం దాటితే చాలు కాబట్టి అక్కడ చిక్కు లేదు. చిక్కంతా వీధిలోకి దిగి ఎక్కడంలోనే.

వదిన సంగతి నాకు అలవాటే. ఆమె ఎప్పుడూ దొడ్డిదారినే వస్తుంది, పొలం అటువైపు కదా అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం దొడ్డిలో పందిరి కింద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను. దొడ్డి వాకిలి ఒక మనిషి పట్టేంత సందు. బయట ఒక పక్క నుంచి అంగట్లో కూరగాయలు కొనుక్కుని గంపతో వదిన, ఇంకో పక్క నుంచి పేపరు చంకలో పెట్టుకుని మా ఆయన, ఇద్దరూ ఒక్కసారే వాకిట్లోకి వచ్చారు. అంగడి మా ఇంటి ముందు వీధిలో ఉంది. పేపరు వచ్చే పోస్టాఫీసూ ఆ వీధిలోనే ఉంది. ఇద్దరూ ముందు నుంచి రావలసినవాళ్లు, చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చారు.

మా ఆయన పేపరును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు.

"ఆవును చూద్దామని..." అన్నారు మా ఆయన.

"ఆవు పొద్దున్నే మేతకు పోయింది," అంది వదిన. "అయినా నీ కొత్త మెట్లు ఏమైనాయి?"

"నువ్వేంది ఇట్ల వచ్చినావు? అంగడి ముందే ఉండాది గదా."

"గంప బరువని."

ఆ గంపలో పిడికెడు గోంగూర, నాలుగు దోసకాయలు ఉన్నాయి.

నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వితే వాళ్లిద్దరూ నా వైపు కోపంగా చూశారు. చూసి, ఒకరినొకరు చూసుకున్నారు. ముందు మా ఆయనే వాకిట్లోని తొట్టి అంచు మీద కూర్చుండిపోయారు.

"పది దగ్గరే నొప్పి పుట్టిందక్కా. ఆ సాయిబు ఊరంతటి ముందు పెట్టినాడు. ఎట్ల దిగేది?"

వదిన గంప దించింది. ఆయన పక్కన కూర్చుంది. తన మోకాలు అరచేతితో రాసుకుంటూ, తల ఎత్తకుండా అంది: "నేను ఆ పాత మెట్లు ఎక్కి రెండేళ్లయింది రా. మొదటి రాయి మీద జారినా. ఏం కాలేదు. కానీ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటిని. పడితే లేపేదానికి ఎవరున్నారు? అప్పటి నుంచి దొడ్డిదారే. ఎవురికీ చెప్పలా."

"నాకు జాబు రాయించొచ్చు గదా."

"ఏమని రాయించేది? మెట్లు ఎక్కలేకపోతాండా, ఉద్యోగం మాని రా అనా? జాబు రాసే ఆయన ఊరంతా చెప్తాడు."

ఆమె కింద పెట్టిన గంపను మా ఆయన తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. నేను చింతపండు మీదికి తల వంచేశాను, వాళ్లకు నేను చూస్తున్నట్టు అనిపించకూడదని.

మర్నాడు మేస్త్రికి కబురు పంపాం. ఎలా చెప్పాలో తెలియక మా ఆయన చాలాసేపు గోడ బాగుందన్నారు, రంగు బాగుందన్నారు. మేస్త్రి వింటూ వింటూ, "మెట్లు తగ్గించాలనా అయ్యా?" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"నేను కొలిచింది కాళ్లను కాదు గదా, మొహాలను. తమరు పదో ముక్క కాడ మీసం పట్టుకున్నారు. అక్క తొమ్మిదికే పెదవి కొరికింది. నిజం చెప్పింది ఈ చెల్లెమ్మ ఒక్కతే."

"తెలిసి తెలిసి పద్నాలుగు పెట్టినావా!" అని వదిన లేచింది.

"ఊరంతా చూస్తాంటే మీరు పద్నాలుగు అంటిరి. కాదు, మీకు ఎనిమిదే చాలని నేను నడివీధిలో అనేదా? అందుకే మెట్టు వెడల్పు పెట్టినా. ఒక్కో మెట్టు ఎక్కేచోట సగమెత్తు రాయి ఒకటి అమరిస్తే అయిదు మెట్లు పది అవుతాయి. రాళ్లు గూడా అప్పుడే చెక్కించినా. మీ పక్క సందులో గోడకు ఆనించి ఉండాయి, చూడలేదా?"

మేం ముగ్గురం పోయి చూశాం. అయిదు రాళ్లు, నీటుగా చెక్కినవి. వదిన వాటిమీద రెండు నెలలుగా పిడకలు ఆరేస్తోంది.

రెండు రోజుల్లో మెట్లు పదయ్యాయి. చూసినవాళ్లకు మా ఆయన, "మా ఇంటిదానికి మోకాళ్ల నొప్పులు, దానికోసం పెట్టించినా," అని చెప్పారు. వదిన కూడా అదే చెప్పింది. నేను కాదనలేదు. ఆ మెట్ల మీద ఎక్కి దిగడం మాత్రం ముగ్గురిలో వదినకే ఎక్కువ. అవసరం లేకపోయినా అంగడికి రెండుసార్లు పోయేది. ఒకసారి ఉప్పుకు, ఇంకోసారి ఉప్పు ఇంట్లోనే ఉందని చెప్పి రావడానికి.

సాయంత్రమైతే ఆమె అరుగు మీద చేరేది. వీపు అచ్చు దిమ్మ మీద మా ఆయన, ఈ చివర ఆమె. ఆయన పేపరు పైకి చదివేవారు. ఆమెకు చదువు రాదు కానీ ప్రతి వార్తకూ జవాబు ఉండేది. సీమలో, అదే ఇంగ్లండులో, ఎవరో దొర ఏదో అన్నాడని చదివితే, "వాడికేం తెలుసు, వాడు మన ఎండలు చూసినాడా?" అనేది. లోకాన్ని తల నుంచి కాళ్ల దాకా ప్రశాంతంగా చూడాలని కోరుకున్న మనిషికి రోజూ రెండు గంటలు వాదనతోనే గడిచేది. ఒకటి రెండుసార్లు నాతో గొణిగారు కూడా. కానీ ఆమెకు జ్వరం వచ్చి నాలుగు రోజులు బయటికి రాకపోతే, ఆయన పేపరు మడిచి, లోపలికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని చదివారు.

రంజాన్ పండక్కి మేస్త్రి మమ్మల్ని ముగ్గురినీ వాళ్లింటికి పిలిచాడు. అంతవరకు మేం ఆ ఇల్లు చూడలేదు. బండి దిగి చూస్తే గుమ్మం ముందు రెండు బండరాళ్లు. మా మామగారివి నయం. ఒకటి ఊగుతోంది కూడా. గోడకు సున్నం పోయి ఎన్నేళ్లయిందో. మేం వీధిలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

లోపలి నుంచి మేస్త్రి భార్య మొహం బయట పెట్టింది. "నిలబడే ఉండండి చెల్లెమ్మా, ఎక్కొద్దు, పడతారు. మంచం అక్కడికే వేయిస్తా," అంది.

"మేస్త్రి ఇంటికి ఇట్లాంటి మెట్లేంది అక్కా?" అని నేను ఆమెను అడిగాను.

"ఊళ్లో అందరిళ్లకూ మేస్త్రి దొరుకుతాడు తల్లీ. మా ఇంటికే దొరకడు. ముప్పై ఏళ్లుగా రేపొస్తానంటాండాడు."

మేస్త్రి గడ్డం గోక్కుంటూ నవ్వాడు. వీధిలో మంచం వేసి, సేమ్యా పాయసం గిన్నెలు మా చేతికిచ్చారు. తింటూనే మా ఆయన ఆ గుమ్మాన్ని పైకీ కిందికీ చూడడం మొదలుపెట్టారు. జేబులో పెన్సిలు తీశారు. కాగితం లేదు. పాయసం మూత పెట్టుకొచ్చిన విస్తరాకు తిప్పి, దానిమీద గీయబోతే పెన్సిలు దిగలేదు.

"ముందు ఇంటామె మోకాలు కొలవాల," అంది వదిన, గిన్నె పక్కన పెట్టి. "మేస్త్రిని ఆ గదిలో పెట్టి గొళ్లెం వెయ్యండి. ఈమె ఒక్కతే నిజం చెప్పాల."

ఆ పని వారం రోజుల్లో అయింది. మా ఆయన, వదిన రోజూ పొద్దున్నే పోయి నులక మంచం మీద కూర్చుని పర్యవేక్షించారు. మేస్త్రి తన సొంత ఇంటికి తాను కూలి లేకుండా చేస్తూ, వీళ్లిద్దరి చేతా మాటలు పడ్డాడు. వంకర అని ఒకరు, ఎత్తు అని ఒకరు. మూడో రోజు తాపీ కింద పడేసి, "నా జీవితంలో ఇంత కష్టమైన ఇంటివాళ్లను చూడలేదు," అన్నాడు.

"మేం ఇంటివాళ్లం కాదు గదా," అన్నారు మా ఆయన.

"అదే నా బాధ," అన్నాడు మేస్త్రి. లోపల మేస్త్రి భార్య టీ కాస్తూ గట్టిగా నవ్వడం వీధిలోకి వినబడింది.